మెమోరియల్ డే తేదీ గొడవలు, పేరు లేని సమాధుల లెక్కలు

మే నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "హ్యాపీ మెమోరియల్ డే" అని జెండా బొమ్మ పెట్టి మెసేజ్‌లు తిరుగుతుంటాయి. పంపేవాళ్లని అనడానికేం లేదు, ఆఫీసుకి సెలవు, షాపుల్లో పరుపుల నుంచి ఫ్రిజ్‌ల దాకా డిస్కౌంట్లు, స్విమ్మింగ్ పూల్స్ తెరిచేది కూడా ఆ వీకెండే, కొత్తగా వచ్చినవాడికి అది ఎండాకాలం మొదలైన పండగలాగే కనిపిస్తుంది. అసలు సంగతి ఏంటంటే అది యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. అందుకే ఇంట్లో ఎవరినైనా యుద్ధంలో పోగొట్టుకున్న అమెరికన్‌కి "హ్యాపీ" అని చెప్తే మొహం ఎలా పెట్టాలో తెలియక నవ్వి ఊరుకుంటాడు.

ముందు ఈ రోజుల లెక్క తేల్చేద్దాం, ఇది చిన్నదే. మెమోరియల్ డే మే నెల చివరి సోమవారం, చనిపోయినవాళ్ల కోసం. వెటరన్స్ డే నవంబర్ 11, సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన వాళ్లందరి కోసం, ముఖ్యంగా బతికున్నవాళ్ల కోసం, "థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అనే మాట ఆ రోజుది. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ డే మే మూడో శనివారం, ఇప్పుడు యూనిఫాంలో ఉన్నవాళ్ల కోసం, 1950లో మొదలైంది, దాన్ని బయట పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఇంతే.

చిక్కు ఉన్నది ఇక్కడ కాదు. ఈ తేదీలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని వెనక్కి వెళ్తే అక్కడ ఉంది అసలు కథ. నాకు అర్థమైనంతవరకు ప్రతిసారీ జరిగింది ఒకటే: చచ్చిపోయిన మామూలు సిపాయి పేరు ఎవరు రాసి పెట్టుకోవాలి అన్న పని ముందు సర్కారు తన నెత్తిన వేసుకోలేదు, ఇంట్లోవాళ్లూ తోటి సైనికులూ పట్టుబట్టారు, ఆ తర్వాత సర్కారు దిగొచ్చింది. ప్రెసిడెంట్లు పూలగుచ్ఛాలు పెట్టడం చివర్న జరిగేది.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం నుంచి చూడాలి. ఉత్తరాది, దక్షిణాది కలిపి చనిపోయినవాళ్లు 6,20,000 మంది అని చాలా కాలం చెప్పుకున్నారు, 2011లో జనాభా లెక్కలు తిరగేసి అది 7,50,000 దాకా ఉండొచ్చని ఒక చరిత్రకారుడు లెక్క కట్టాడు. పోయినవాళ్లలో ఎక్కువమంది తూటాలకి కాదు, విరేచనాలు, టైఫాయిడ్ లాంటి రోగాలకి పోయారు. ఇంత చావు జరుగుతుంటే చనిపోయినవాడి ఇంటికి కబురు పంపాలన్న రూలు కూడా గట్టిగా లేదు. సైనికుడి మెడలో వేసే పేరు బిళ్ల, అదే డాగ్ ట్యాగ్, అమెరికా ఆర్మీ ఒప్పుకున్నది 1906లో, అంటే ఈ యుద్ధం అయిపోయిన నలభై ఏళ్లకి. కాబట్టి పెద్ద దాడికి ముందు రోజు కుర్రాళ్లు కాగితం ముక్క మీద పేరు, ఊరు రాసుకుని కోటుకి వీపు వైపు పిన్నుతో గుచ్చుకునేవాళ్లు, పడిపోయాక తిప్పి చూసిన వాళ్లకి కనపడాలని. ఇంట్లోవాళ్లకి తెలిసేది పక్కనున్న స్నేహితుడు ఉత్తరం రాస్తేనో, పేపర్లో లిస్టు పడితేనో.

యుద్ధం అయ్యాక క్లారా బార్టన్ అనే ఆవిడ (తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ పెట్టింది ఈవిడే) వాషింగ్టన్‌లో ఒక అద్దె గదిలో తప్పిపోయిన సైనికుల ఆఫీసు తెరిచింది. "మావాడు ఏమయ్యాడో చెప్పండమ్మా" అంటూ వచ్చిన ఉత్తరాలు 60,000కి పైన, అందులో దాదాపు 22,000 మంది సంగతి ఆవిడ తేల్చగలిగింది. జార్జియాలో ఆండర్సన్‌విల్ అనే ఊళ్లో దక్షిణాది వాళ్ల జైలు శిబిరం ఉండేది, అక్కడ దాదాపు 13,000 మంది ఉత్తరాది ఖైదీలు పోయారు, ఆకలి, రోగం, మురికి నీళ్లు. అక్కడ చావుల రిజిస్టర్ రాసే పని డోరెన్స్ అట్‌వాటర్ అనే కుర్ర ఖైదీ మీద పడింది, వాడు ఆఫీసు కాపీతో పాటు ఇంకో కాపీ దొంగతనంగా రాసుకుని, విడుదలైనప్పుడు బట్టల్లో దాచి తెచ్చాడు. 1865 వేసవిలో బార్టన్, అట్‌వాటర్, ఇంకొందరు కలిసి వెళ్లి ఆ లిస్టులో నంబర్, గుంట మీద నంబర్ పోల్చి చూసుకుంటూ పేరు పలకలు పాతారు. అన్ని వేల సమాధుల్లో పేరు తెలియకుండా మిగిలినవి 460 మాత్రమే. తర్వాత అదే లిస్టు విషయంలో ఆర్మీ అతని మీద దొంగతనం కేసు పెట్టి జైల్లో వేసింది, అది ఇంకో కథ.

మిగతా చోట్ల ఆ అదృష్టం లేదు. సర్కారు కదిలి 1866 నుంచి అయిదేళ్లలో యుద్ధభూముల్లో, రోడ్ల పక్కన, పొలాల గట్ల మీద పూడ్చిన 3 లక్షల మందికి పైగా ఉత్తరాది సైనికుల్ని తవ్వి తీసి 74 జాతీయ శ్మశానాల్లో మళ్లీ పూడ్చిపెట్టింది. అందులో దాదాపు సగం మందికి పేరు లేదు. దక్షిణాది వాళ్లని ఈ లెక్కలో చేర్చనే లేదు, వాళ్లు తిరుగుబాటుదారులు కాబట్టి. వాళ్ల శవాల్ని ఎత్తించి పూడ్పించింది ఆయా ఊళ్లలో ఆడవాళ్లు చందాలు వేసుకుని పెట్టుకున్న సంఘాలు. ఈ తేడా తర్వాత వందేళ్లు కాలుస్తూనే ఉంది, ఇప్పటికీ అలబామా, మిసిసిపీ లాంటి రాష్ట్రాల్లో ఏప్రిల్‌లో కాన్ఫెడరేట్ (అంటే అప్పటి దక్షిణాది పక్షం) మెమోరియల్ డే అని వేరే సెలవు ఉంది. బానిసత్వం కోసం పోరాడిన సైన్యాన్ని తలుచుకునే రోజుకి సర్కారు సెలవేంటి అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అడగడం న్యాయమే అని నా అభిప్రాయం.

అందరూ ఫోటోల్లో చూసే ఆర్లింగ్టన్ శ్మశానం కూడా ఆ కోపంలోంచే పుట్టింది. అది దక్షిణాది సేనాపతి రాబర్ట్ ఈ లీ భార్య తరఫు ఎస్టేట్, పోటోమాక్ నది ఒడ్డున కొండ మీద బంగళా. యుద్ధంలో దాన్ని సర్కారు పట్టుకుంది, 1864 మేలో అక్కడ మొదటి సైనికుడ్ని పూడ్చారు. ఆర్మీ సరంజామా చూసే జనరల్ మాంట్‌గొమరీ మీగ్స్ కావాలనే సమాధుల్ని బంగళాకి ఆనుకుని ఉన్న పూలతోట పక్కన తవ్వించాడు, లీ కుటుంబం మళ్లీ ఆ ఇంట్లో కాపురం పెట్టకుండా. 1866లో అదే తోట దగ్గర ఒకే గోతిలో 2,111 మంది పేరు తెలియని సైనికుల ఎముకలు పూడ్చి పైన రాతి సమాధి కట్టారు. లీ కొడుకు కోర్టుకెళ్లాడు, 1882లో సుప్రీంకోర్టు ఆ ఆస్తి వాళ్లదే అంది, అప్పటికి వేల సమాధులు ఉన్నాయి, ఏం చేస్తాడు, మరుసటి ఏడాది 1,50,000 డాలర్లు తీసుకుని సర్కారుకే అమ్మేశాడు.

సమాధుల మీద పూలు పెట్టే రోజు ఎవరు మొదలుపెట్టారు అంటే మాత్రం పాతిక ఊళ్లు మాదంటే మాది అంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలో వాటర్లూ అనే ఊరు 1866 మే 5న చేశాం అంటుంది, 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ ఆ ఊరికే పుట్టినిల్లు అని ముద్ర వేశాడు. మిసిసిపీలో కొలంబస్ ఆడవాళ్లు 1866 ఏప్రిల్‌లో రెండు పక్షాల సమాధుల మీదా పూలు పెట్టారు. వీళ్లందరికంటే ముందు జరిగింది ఇంకోటి ఉంది, దాని గురించి చాలాకాలం ఎవరూ మాట్లాడలేదు. సౌత్ కరోలినాలో చార్ల్‌స్టన్ ఊళ్లో గుర్రప్పందేల మైదానాన్ని దక్షిణాది వాళ్లు ఆరుబయట జైలు చేశారు, అక్కడ పోయిన 257 మంది ఉత్తరాది ఖైదీల్ని స్టాండు వెనకాల గోతిలో పడేశారు. ఊరు చేతులు మారగానే అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్లు ఆ శవాల్ని తీసి ఒక్కొక్కరికీ వేరేగా గొయ్యి తవ్వి పూడ్చారు, చుట్టూ కంచె కట్టారు, 1865 మే 1న దాదాపు 10,000 మంది, ముందు స్కూలు పిల్లలు చేతుల్లో గులాబీలు పట్టుకుని, ఊరేగింపుగా వెళ్లి పూలు పెట్టారు. డేవిడ్ బ్లైట్ అనే చరిత్రకారుడు పాత కాగితాల్లో ఇది బయటికి తీసేదాకా ఆ ఊరికే గుర్తు లేదు. లేదా గుర్తుంచుకోవాలని అనుకోలేదు, ఎందుకంటే కొన్నేళ్లకే ఆ రాష్ట్రంలో అధికారం మళ్లీ పాతవాళ్ల చేతికి వెళ్లిపోయింది. దేశమంతా ఒకే రోజు చెయ్యడం మాత్రం దీని నుంచి నేరుగా వచ్చిందని చెప్పలేం, అది 1868లో ఉత్తరాది మాజీ సైనికుల సంఘం పెద్ద జాన్ లోగన్ మే 30ని పూలు పెట్టే రోజుగా పాటించండి అని ఉత్తర్వు ఇవ్వడంతో స్థిరపడింది. ఆయనకి కూడా అది సర్కారు ఉద్యోగం కాదు, సంఘం పదవి. అప్పట్లో దాని పేరు డెకరేషన్ డే. అన్ని యుద్ధాల వాళ్లకీ అయ్యింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే.

ఇక సోమవారం గొడవ. వందేళ్లపాటు వారం ఏదైనా మే 30నే చేశారు. 1968లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, కొన్ని సెలవుల్ని సోమవారానికి జరిపేసే చట్టం చేసింది, ఉద్యోగులకి మూడు రోజుల సెలవు కలిసొస్తుంది, టూరిజానికి మంచిది, మధ్యలో సెలవొచ్చి ఫ్యాక్టరీ ఆగదు అని. 1971 నుంచి అమలు. ఆ దెబ్బకి వాషింగ్టన్ జయంతి, మెమోరియల్ డే, వెటరన్స్ డే అన్నీ కదిలాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ వాదన బాగా తెలుసు, నాన్నగారి తద్దినం తిథి రోజే పెట్టాలా, బుధవారం మీటింగులున్నాయి కాబట్టి దగ్గర్లో శనివారం చూసుకోవచ్చా అని ఇంట్లో జరిగే వాదనే ఇది, తిథి వదిలేస్తే మిగిలేది భోజనమే అని పెద్దవాళ్లు అంటారే, అక్కడి మాజీ సైనికులు కూడా సరిగ్గా అదే అన్నారు.

వెటరన్స్ డే విషయంలో వాళ్లు గెలిచారు కూడా. 1918 నవంబర్ 11 ఉదయం 11 గంటలకి మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది, ఆ రోజు గుర్తుగా ఆర్మిస్టిస్ డే ఉండేది, 1954లో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ దాన్ని వెటరన్స్ డే చేశాడు. దాన్ని తీసుకెళ్లి అక్టోబర్ నాలుగో సోమవారంలో పెడితే ఎవరికీ మింగుడు పడలేదు, చాలా రాష్ట్రాలు మేం నవంబర్ 11నే చేసుకుంటాం పొమ్మన్నాయి, దాంతో 1975లో ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం పెడితే 1978 నుంచి పాత తేదీకి వచ్చేసింది. మెమోరియల్ డే మాత్రం సోమవారంలో ఇరుక్కుపోయింది. హవాయి సెనేటర్ డేనియల్ ఇనోయే, రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాయన, దాన్ని మే 30కి మార్చాలని 1980ల చివరి నుంచి మళ్లీ మళ్లీ బిల్లు పెట్టాడు, 2012లో పోయేదాకా, ఒక్కసారి కూడా పాస్ కాలేదు. నాకేమనిపిస్తుందంటే నవంబర్ 11 వెనకాల ఒక నిజమైన గంట ఉంది, జనం నోట్లో ఉంది, మే 30 వెనకాల అలాంటి సంఘటన ఏదీ లేదు, అప్పటికి పూలు బాగా పూస్తాయని ఎంచుకున్న రోజు, అందుకే దాని కోసం కొట్లాడేవాళ్లు తక్కువయ్యారు. మొత్తానికి జనం మర్చిపోతున్నారని 2000లో ఇంకో చట్టం చేసి మెమోరియల్ డే మధ్యాహ్నం 3 గంటలకి ఒక నిమిషం ఆగమన్నారు. సేల్‌లో లైన్లో నిలబడ్డవాళ్లు ఎంతమంది ఆగుతారో తెలిసిందే. జెండా సంగతి మాత్రం చాలా చోట్ల పద్ధతిగా చేస్తారు, పొద్దున్న పైదాకా ఎగరేసి సగానికి దించుతారు, మధ్యాహ్నం 12కి మళ్లీ పైకి ఎత్తేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా ఒక కొత్త పని చేసింది, చనిపోయినవాడి ఇంటికి ఉత్తరం రాసి, మీవాడ్ని ఇంటికి పంపించమంటారా, యూరప్‌లోనే ఉంచమంటారా అని అడిగింది. చాలామంది ఇంటికే అన్నారు, దాదాపు 30,000 మందిని అక్కడే ఉంచారు. అక్కడ ఉన్నవాళ్ల తల్లులు, భార్యలు పోరగా పోరగా 1930 నుంచి 1933 దాకా సర్కారు ఖర్చుతో 6,600 మందికి పైగా ఆడవాళ్లని ఓడల్లో తీసుకెళ్లి సమాధులు చూపించారు. అందులో కూడా నల్లజాతి తల్లుల్ని వేరే ఓడల్లో, తక్కువ రకం వాటిలో పంపారు, కొంతమంది ఆ అవమానం మాకొద్దని ప్రయాణమే మానేశారు. కొడుకు ప్రాణం తీసుకునేటప్పుడు లేని తేడా తల్లి టికెట్ దగ్గర వచ్చింది.

పేరు తెలియని వాళ్ల సంగతేంటి అంటే 1921లో ఫ్రాన్స్‌లోని నాలుగు అమెరికన్ శ్మశానాల నుంచి నాలుగు శవపేటికలు తెచ్చి ఒక గదిలో పెట్టి, ఎడ్వర్డ్ యంగర్ అనే సార్జెంట్ చేతికి తెల్ల గులాబీలు ఇచ్చి ఒకదాన్ని ఎంచమన్నారు. ఆయన పూలు పెట్టిన పెట్టె ఓడెక్కి వచ్చి నవంబర్ 11న ఆర్లింగ్టన్‌లో చేరింది. కొడుకు ఆచూకీ లేని ప్రతి తల్లీ వాడు మావాడే అయ్యుంటాడు అనుకోవచ్చు, అందులో ఉన్న కిటుకు అదే. 1937 నుంచి అక్కడ రాత్రీ పగలూ కాపలా ఉంది, కాపలా సైనికుడు 21 అడుగులు వేసి 21 సెకన్లు ఆగుతాడు. 1958లో రెండో ప్రపంచ యుద్ధం, కొరియా యుద్ధాల నుంచి ఒక్కొక్కర్ని చేర్చారు.

వియత్నాం దగ్గరికొచ్చేసరికి బెడిసికొట్టింది. ఆ యుద్ధంలో హెలికాప్టర్లు, మెడికల్ రికార్డులు బాగుండటంతో పేరు తెలియని శవాలు దొరకడమే కష్టమైంది, కానీ మా యుద్ధానికి కూడా ఒకరు ఉండాలని ఒత్తిడి. 1984లో ప్రెసిడెంట్ రీగన్ చేతుల మీదుగా ఒకర్ని పూడ్చారు. ఆ ఎముకలు 1972లో వియత్నాంలో ఆన్ లోక్ అనే ఊరి దగ్గర దొరికాయి, వాటితో పాటు మైకేల్ బ్లాసీ అనే ఎయిర్‌ఫోర్స్ లెఫ్టినెంట్ ఐడీ కార్డు కూడా దొరికింది, ఆ కార్డు తర్వాత మాయమైంది. మొదట్లో ఆ ఎముకలకి బ్లాసీ అయ్యుండొచ్చు అనే పేరే ఉంది, ఎత్తు, వయసు, బ్లడ్ గ్రూప్ కుదరలేదని 1980లో ఆ పేరు తీసేశారు. ఇంట్లోవాళ్లకి ఇదేదీ చెప్పలేదు. 1990ల్లో విషయం బయటపడ్డాక తల్లీ తోబుట్టువులూ పట్టుబట్టి సమాధి తెరవమన్నారు, 1998లో తెరిచి డీఎన్ఏ చూస్తే బ్లాసీనే. సొంతూరు సెయింట్ లూయిస్‌లో మళ్లీ పూడ్చారు. ఆర్లింగ్టన్‌లో ఆ సమాధి ఇప్పుడు ఖాళీగా ఉంది, ఇంకెవర్నీ పెట్టరు, ఎందుకంటే డీఎన్ఏ వచ్చాక ఇతని పేరు ఎప్పటికీ తెలియదు అని ఎవరూ సంతకం పెట్టలేరు.

వియత్నాం వాళ్లకి అసలు గుర్తు వాషింగ్టన్‌లో ఉన్న నల్లరాయి గోడ. అది కట్టించింది కూడా మాజీ సైనికులే, చందాలు వేసుకుని, సర్కారు స్థలం మాత్రమే ఇచ్చింది. డిజైన్ చేసిన మాయా లిన్‌కి అప్పటికి 21 ఏళ్లు, యేల్ యూనివర్సిటీలో చదువుతోంది. దాని మీద 58,000కి పైగా పేర్లున్నాయి, ర్యాంకులు లేవు, అక్షరక్రమం కాదు, పడిపోయిన తేదీ వరసలో చెక్కారు. దీని మీద అప్పట్లో పెద్ద గొడవైంది, పేరు ఎలా వెతుక్కోవాలి అని. కానీ అలా పెట్టడం వల్ల ఒకే రోజు ఒకే పోరులో పోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు, బతికొచ్చిన స్నేహితుడు వెళ్తే ఆ రోజు మొత్తం ఒకేచోట దొరుకుతుంది. పేరు పక్కన చిన్న డైమండ్ గుర్తు ఉంటే చనిపోయినట్టు తేలిందని, ప్లస్ లాంటి గుర్తు ఉంటే ఆచూకీ లేదని. ఎముకలు దొరికి పేరు తేలితే ఆ ప్లస్ మీదే డైమండ్ చెక్కుతారు. వచ్చినవాళ్లు పేరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకెళ్తారు.

ఈ ఆచూకీ వెతికే పని ఇప్పటికీ నడుస్తోంది, దానికో సర్కారు ఏజెన్సీ, హవాయిలో పెద్ద ల్యాబ్ ఉన్నాయి. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడిలో 2,400 మందికి పైగా అమెరికన్లు పోయారు, ఒక్క అరిజోనా నౌకలోనే 1,177 మంది, చాలామంది ఇంకా ఆ నౌకలోనే నీటి అడుగున ఉన్నారు, దాన్ని అలాగే సమాధిగా వదిలేశారు. తర్వాతి రోజుల్లో పోయిన ఆ నౌక సైనికుల్లో కొందరు అస్థికలు అక్కడే కలపమని కోరుకున్నారు, బతికున్న చివరాయన 2024లో 102 ఏళ్ల వయసులో పోయాడు. ఒక్లహోమా అనే ఇంకో నౌకలో 429 మంది పోయారు, దాన్ని పైకి లేపేసరికి అన్నీ ఎముకలే, దాదాపు 390 మందిని కలగాపులగంగా పేరు లేకుండా హోనొలులులో పూడ్చారు. వీళ్ల పేర్లు తేల్చొచ్చు, రికార్డులు ఉన్నాయి అని దాడి రోజు అక్కడే ఇంకో నౌకలో ఉన్న రే ఎమరీ అనే ముసలాయన ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు, పొమ్మన్నా పోలేదు. చివరికి 2015లో అన్నీ తవ్వి తీశారు, ఆరేళ్లలో 350 మందికి పైగా పేర్లు తేలాయి.

ఇంకా లెక్క తేలనివాళ్లు 81,000 మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది రెండో ప్రపంచ యుద్ధం వాళ్లు, సగం దాకా సముద్రంలో పోయారని అంచనా, వాళ్లు దొరక్కపోవచ్చు. మిగతావాళ్ల విషయంలో ఎముక దొరకడం సగం పనే, పోల్చడానికి బంధువు కావాలి. ఎక్కువగా వాడే రకం డీఎన్ఏ తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి చనిపోయినవాడి సొంత పిల్లలు కూడా పనికిరారు, వాడి అక్క కూతురో, ఆ కూతురి కొడుకో కావాలి. అందుకే ల్యాబ్ వాళ్లతో పాటు వంశవృక్షాలు తిరగేసేవాళ్లు కూడా ఈ పనిలో ఉంటారు, ఎక్కడో ఒహాయోలోనో టెక్సస్‌లోనో ఉన్న మనిషికి ఫోన్ చేసి, మీ అమ్మమ్మ తమ్ముడు ఒకాయన 1944లో తప్పిపోయాడు, మీరెప్పుడైనా విన్నారా, బుగ్గ లోపల దూదిపుల్లతో శాంపిల్ ఇస్తారా అని అడుగుతారు. ఆ పేరే ఎప్పుడూ వినలేదు అనేవాళ్లు కూడా శాంపిల్ ఇచ్చాక పాత ఫోటోలు వెతకడం మొదలుపెడతారట.